చేపల పులుసు సీమలో శాకాహారం ఎవరిది?

నెల్లూరు పేరెత్తగానే బయటి ఊళ్లవాళ్లకు ముందు చేపల పులుసు గుర్తొస్తుంది, తర్వాత రొయ్యలు. ఒంగోలు అంటే గిత్తలు. ఈ నెల్లూరు, ప్రకాశం జిల్లాల శాకాహారం గురించి రాస్తున్నానంటే, అక్కడ అదేముంది రాయడానికి అని అడిగేవాళ్లే ఎక్కువ. లెక్కలు కూడా వాళ్ల వైపే ఉన్నాయి. 2014లో జరిగిన నమూనా నమోదు సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్లు దాటినవారిలో వందకు 98 మందికి పైగా మాంసాహారులు. తెలంగాణ, పశ్చిమ బెంగాల్ మాత్రమే మనకంటే ముందున్నాయి.

ఆ సర్వే మనుషుల్ని లెక్కపెట్టింది. పూటల్ని లెక్కపెడితే సంగతి తిరగబడుతుంది. కోవూరులోనో కనిగిరిలోనో మామూలు సంసారి ఇంట్లో వారానికి పధ్నాలుగు పూటలు అన్నం తింటే, నీచు వండేది ఒకటో రెండో పూటలు. ఆదివారం కోడో యాటో. సముద్రం దగ్గరి ఊళ్లలో అయితే మధ్యలో ఇంకో రెండు పూటలు చేపలు. మిగిలినవన్నీ పప్పు, పులుసు, రోటి పచ్చడి, మజ్జిగ. అంటే ఈ నేల మీద శాకాహార వంటను రోజూ వండి, రుచి దిద్ది, కూతుళ్లకూ కోడళ్లకూ నేర్పి నిలబెట్టినవాళ్లలో అత్యధికులు మాంసం తినేవాళ్లే. నేను చెప్పదలచుకున్నది ఇదే. శాకాహారం అనగానే రెండు మూడు కులాల పేర్లు చెప్పి ఊరుకోవడం మనకు అలవాటైపోయింది. ఆ ఇళ్ల వంట గొప్పదే, దాని సంగతీ చెబుతాను. కానీ ఇక్కడి శాకాహారంలో అది ఒక పాయ మాత్రమే. మిగతాదాన్ని నేల, పంచాంగం, లేమి, చివరికి బోరునీళ్లు కూడా కలిసి తయారుచేశాయి.

భిక్షువులు, తిక్కన, ఎర్రన

ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున చందవరం కొండ మీద బౌద్ధ స్తూపం ఉంది. రెండు వేల ఏళ్ల నాటిది. బౌద్ధం ఉన్నచోట శాకాహారం ఉండి ఉంటుందని చాలామంది అనుకుంటారు. తొలినాటి భిక్షువుల నియమం అది కాదు. భిక్షాపాత్రలో గృహస్థులు ఏది పెడితే అది తినాలి. తన కోసమే చంపారని కంటితో చూడకపోతే, చెవితో వినకపోతే, అనుమానమైనా లేకపోతే మాంసం కూడా స్వీకరించవచ్చు. భిక్షువులకు మాంసం పూర్తిగా నిషేధించమని దేవదత్తుడు పట్టుబట్టినప్పుడు బుద్ధుడు ఒప్పుకోలేదని భిక్షువుల నియమాల గ్రంథమైన వినయ పిటకం చెబుతుంది. మాంసం వద్దేవద్దని గట్టిగా చెప్పినవి తర్వాత వచ్చిన కొన్ని మహాయాన సూత్రాలు. జైనం నియమం ఇంకా గట్టిది. నిష్ఠ గల జైనులు నేలలోంచి తవ్వితీసే దుంపలను కూడా ముట్టరు.

వైదికుల సంగతి కూడా నేరుగా ఒక గీతలా సాగలేదు. యజ్ఞంలో పశువును అర్పించడం, పితృకార్యంలో మాంసం పెట్టడం పాత ధర్మశాస్త్రాల్లో ఉన్నవే. అవి క్రమంగా తగ్గి, దక్షిణాది బ్రాహ్మణులు పూర్తి శాకాహారులు కావడానికి చాలా శతాబ్దాలు పట్టింది. ఈ మార్పు వెనక బౌద్ధ జైనాల ఒత్తిడి ఉంది, భక్తి మార్గం ఉంది, శుచి గురించి పెరిగిన పట్టింపు ఉంది. వీటిలో ఏ ఒక్కదాన్నో పట్టుకుని ఇదే కారణం అనడం సరికాదు.

ఈ తగాదా అంతా మన ఇద్దరు కవుల దగ్గర చక్కగా కనిపిస్తుంది. తిక్కన 13వ శతాబ్దంలో నెల్లూరు ఏలిన మనుమసిద్ధి ఆస్థానంలో మంత్రి, కవి. యజ్ఞం చేసి సోమయాజి అయినవాడు. ఆయన తెనిగించిన పదిహేను పర్వాల్లో ఆనుశాసనిక పర్వం ఒకటి. అంపశయ్య మీదున్న భీష్ముడు ధర్మరాజుకు అహింసే పరమ ధర్మమని చెప్పి, మాంసం మానినవాడికి ఎంత పుణ్యమో వివరించేది సంస్కృత మూలంలో ఆ పర్వంలోనే. అక్కడే, మంత్రపూర్వకంగా యజ్ఞంలో అర్పించిన మాంసానికి మినహాయింపూ ఉంది. అంటే భారతం ఒకేచోట రెండు మాటలూ పెట్టుకుంది.

ఎర్రన తర్వాతి శతాబ్దం వాడు. అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థాన కవి. ఆయన పూరించిన అరణ్యపర్వ శేషంలో ధర్మవ్యాధుడి కథ వస్తుంది. కౌశికుడనే బ్రాహ్మణుడు తన మీద రెట్ట వేసిన కొంగను కోపంతో చూసి చంపేస్తాడు. తర్వాత భిక్షకు వెళ్లిన ఇంట్లో ఇల్లాలు ఆలస్యం చేసిందని కళ్లెర్రజేస్తే, నేను కొంగను కాను, ధర్మం తెలుసుకోవాలనుంటే మిథిలలో మాంసం అమ్మే ధర్మవ్యాధుడి దగ్గరికి వెళ్లు అంటుందామె. వెళ్తాడు. మాంసపు అంగట్లో నిలబడి, తపస్సు చేసినవాడు వేటగాడి నోట ధర్మం వింటాడు. మూలంలో ఆ వ్యాధుడు చెప్పే మాటలు ఈ కాలపు వాదనలకు కూడా పనికొస్తాయి. తాను స్వయంగా చంపడు, ఇతరులు చంపి తెచ్చినదాన్ని అమ్ముతాడు. తాను మాంసం తినడు. అయినా తన వృత్తిని కించపరచుకోడు. సేద్యం మంచిదంటారు కదా, నాగలి కింద ఎన్ని ప్రాణులు చస్తున్నాయో చూశారా అని అడుగుతాడు. వడ్లలో, నీళ్లలో, చెట్లలో జీవం లేదా అంటాడు. హింస బొత్తిగా లేకుండా బతికేవాడు లోకంలో లేడు, తగ్గించుకోవడానికి ప్రయత్నించేవాడు ఉంటాడు, అంతే అని తేల్చేస్తాడు.

నాకు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదవడం ఇష్టం. మాంసం మానడం మంచిదని ఒకరు చెబితే, మానినంత మాత్రాన మనిషి గొప్పవాడైపోడని ఇంకొకరు చెప్పారు. మన ప్రాంతంలో శాకాహారం మీద జరిగే ఏ మాటల యుద్ధమైనా ఈ రెండు మాటల మధ్యే తిరుగుతోంది ఇప్పటికీ.

వారం, మాసం, దీక్ష

వెంకటేశ్వరస్వామిని కొలిచే ఇళ్లలో శనివారం నీచు ముట్టరు. చాలామంది ఆరోజు ఒక పొద్దు ఉంటారు. శివుణ్ణి నమ్మేవాళ్లకు సోమవారం, సాయిబాబా భక్తులకు గురువారం. ఒకే ఇంట్లో అత్తగారిది శనివారం, కోడలిది గురువారం, కొడుకుది మంగళవారం అయితే వారంలో సగం రోజులు ఆ పొయ్యి మీద పప్పే ఉడుకుతుంది. ఒకరికోసం వేరుగా నీచు వండి గిన్నెలు వేరుగా కడిగే ఓపిక ఎవరికుంటుంది? మలకొండ మాల్యాద్రి లక్ష్మీనరసింహస్వామి గుడి వారానికి ఒక్క శనివారమే తెరుస్తారు. ఆ కొండకు వెళ్లేవాళ్ల ఊళ్లలో శనివారం నియమం ఇంకా గట్టిగా ఉంటుంది.

దీనికి తోడు శ్రావణం, కార్తీకం, ధనుర్మాసం. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లకు 41 రోజులు. ఇల్లంతా ఆ నియమానికే వస్తుంది. కార్తీక మాసంలో కోళ్ల ధర దిగిపోయేది ఇందువల్లే. రోజూ మాంసం తినకపోయినా తినేవాళ్లుగా లెక్కకొచ్చే లక్షలమంది ఒకేసారి మానేస్తే మార్కెట్ మీద పడే ప్రభావం అది. ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాల్లో మాంసం మానేసే క్రైస్తవ కుటుంబాలు కూడా ఒంగోలు, నెల్లూరు చుట్టుపక్కల ఉన్నాయి. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో జరిగే రొట్టెల పండుగలో హిందువులు, ముస్లింలు చేతులు మార్చుకునేది ఒట్టి రొట్టెనే. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె అని కోరికను బట్టి పేరు. కోరిక తీరినవాళ్లు మరుసటి ఏడు రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇస్తారు.

గ్రామదేవతల దగ్గర లెక్క వేరు. పోలేరమ్మకు ముందు పొంగలి పెడతారు, అంబలి పోస్తారు, వేపాకు కడతారు. ఆ తర్వాత కోడినో యాటనో బలిస్తారు. అదే కుటుంబం శనివారం వెంకన్నకు దీపం పెట్టి పులిహోర కలుపుతుంది. దీన్ని వైరుధ్యం అనేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. ఏ దేవుడి దగ్గర ఏది తగునో ఆ ఇంటివాళ్లకు బాగా తెలుసు. శాకాహారం వాళ్లకు ఒక పూట పాటించే క్రమశిక్షణ. మాంసం తినడం తప్పు అనే తీర్పు అందులో లేదు.

ఈ నియమాల భారమంతా మోసేది ఆడవాళ్లని మాత్రం చెప్పాలి. శుక్రవారం రాత్రే పొయ్యి అలికి, నీచు వండిన గిన్నెలు తీసి వేరుగా పెట్టి, శనివారం తెల్లారే తలస్నానం చేసి వండేది వాళ్లే. ఒక పొద్దు ఎక్కువగా ఉండేదీ వాళ్లే. ఒంట్లో రక్తం లేని ఆడవాళ్లు రాష్ట్రంలో సగానికి పైగా ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నప్పుడు, ఉపవాసాల లెక్క కూడా మనం ప్రేమగా, గట్టిగా మాట్లాడుకోవాల్సిన విషయమే.

మెట్ట నేల వండిన వంట

పెన్నా డెల్టాకు 19వ శతాబ్దం రెండో సగంలో నెల్లూరు, సంగం ఆనకట్టలు నీళ్లిచ్చాయి. అక్కడ వరి, మొలగొలుకుల బియ్యం, కాలవ గట్ల మీద కూరగాయలు. పడమటికి పోయేకొద్దీ నేల ఎర్రబడుతుంది. ఉదయగిరి, కనిగిరి, పొదిలి, దర్శి, మార్కాపురం వైపు వానను నమ్ముకున్న మెట్ట. అక్కడ సజ్జ, జొన్న, కొర్ర, వరిగ, ఆరిక. వాటితో పాటు కంది, ఉలవ, అలసంద. ప్రకాశం కందికి పేరున్న జిల్లా. ఈ మెట్టలో శాకాహారం ఎవరూ ఎంచుకున్నది కాదు. కోడిని కోస్తే గుడ్లు పోతాయి, మేకను కోస్తే బిడ్డ పెళ్లికి దాచుకున్న సొమ్ము పోతుంది. అందుకని పండక్కీ చుట్టం వచ్చినప్పుడూ తప్ప మాంసం ఉండేది కాదు. మిగతా రోజులకు నేల ఇచ్చినదాన్ని రుచిగా మార్చుకోవడమే పని. ఆ పనిలో పుట్టిందే మనం ఇప్పుడు గొప్పగా చెప్పుకునే వంట.

కందిపప్పు నిలవ చేయడానికి కందులకు ఎర్రమట్టి పట్టించి, ఎండబెట్టి, ఇసుర్రాయిలో విసురుతారు. మట్టి పట్టిన గింజకు పురుగు త్వరగా రాదు. కొన్ని ఇళ్లలో వేయించి విసిరి పప్పు చేస్తారు. ఆ పప్పు కమ్మదనం వేరు. దాంట్లో గోంగూర, చింతచిగురు, తోటకూర, పుల్ల మామిడికాయ, దోసకాయ ఏదో ఒకటి పడుతుంది. చేల గట్ల మీద పైసా ఖర్చు లేకుండా దొరికే పొన్నగంటి, గలిజేరు, చెంచలి, మునగాకు కూడా పప్పులోకి వచ్చేవే. ఆకుకూర దొరకని ఎండాకాలం పచ్చిమిరపకాయ, ఎర్రగడ్డ, చింతపండుతోనే పచ్చిపులుసు. వేడి అన్నమో కొర్రన్నమో వడ్డించి పచ్చిపులుసు పోసుకుంటే ఇంకో కూర అక్కర్లేదు.

పుల్లటిది ఎప్పుడు వేయాలనేది మన పప్పులో అసలు కిటుకు. చింతపండు, మామిడికాయ, గోంగూర ముందే వేస్తే పప్పు ఎంతసేపటికీ మెత్తబడదు. గింజను బంకలా పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం పులుపు తగిలితే కరగదు. అందుకే పప్పు బాగా ఉడికి, గుత్తితో ఎనిపాకే పులుపు వేయాలి. ఇదే ఇబ్బంది నీళ్ల నుంచి కూడా వస్తుంది. కనిగిరి, పొదిలి, దర్శి వైపు బోరునీళ్లలో సున్నపు అంశం ఎక్కువ. ఆ కాల్షియం పెక్టిన్‌ను పట్టి బిగించేస్తుంది, పప్పు ఉడకదు. అందుకే చాలా ఇళ్లలో తాగే నీళ్లు కొన్నా కొనకపోయినా పప్పులోకి మాత్రం మంచినీళ్లు ఒక బిందె వేరుగా పెట్టుకుంటారు. రాత్రే నానబెట్టడం, ఆ నీళ్లు పారబోసి మంచినీళ్లలో ఉడకబెట్టడం ఇంకో ఉపాయం.

పులుసు సంగతికొస్తే, నెల్లూరు చేపల పులుసు తెలిసినవాళ్లు వంకాయ పులుసునో బెండకాయ పులుసునో తక్కువ చేసి చూస్తారు. రెండింటికీ పునాది ఒకటే. చిక్కగా పిసికిన చింతపండు, మెంతుల వాసన, ఎర్రగడ్డ, మామిడికాయ ముక్క. చేపలో ఉండే కొవ్వు పులుసుకు చిక్కదనం ఇస్తుంది, పులుపు మొనను తగ్గిస్తుంది. కూరగాయలో అది లేదు కాబట్టి ఇంకోచోటి నుంచి తెచ్చుకోవాలి. వేయించి దంచిన నువ్వుల పొడి, వేరుశనగ పొడి, పప్పు మీది కట్టు, కాస్త బియ్యప్పిండి, చిన్న బెల్లం ముక్క. ఇవి లేకుండా చేసిన కూరగాయ పులుసు పలచగా, పులుపు గొంతు పట్టేటట్టు ఉంటుంది. బాగా చేసినది మరుసటి పూటకు ఇంకా రుచి పెరుగుతుంది, చేపల పులుసు లాగే. ముక్క తినేది ఆదివారం అయినా, పులుసు చేయడం వచ్చిన చెయ్యి వారమంతా పనిచేస్తుంది.

ఉలవచారు కూడా ఈ నేలదే. ఒంగోలు గిత్తలకు పెట్టడానికి ఉలవలు పెద్ద బానలో ఉడికిస్తే, గుగ్గిళ్లు ఎడ్లకు, పైన తేలిన చిక్కటి నీళ్లు ఇంటివాళ్లకు. ఆ నీళ్లనే చింతపండు, తాలింపుతో గంటల తరబడి మరిగిస్తే చారు. ఇప్పుడు పెళ్లిళ్లలో వెన్నతో వడ్డించే ఈ పదార్థం పశువుల దాణా వండే పొయ్యి దగ్గర పుట్టింది.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక మెట్ట ఊళ్లలో అన్నం రోజువారీ తిండి అయింది. అంతకుముందు వరి అన్నం పండక్కే చూసిన ఇళ్లకు అది పెద్ద గౌరవం. దాన్ని తక్కువ చేసి మాట్లాడడం నాకు నచ్చదు. కానీ దాంతో కొర్ర, వరిగ, ఆరిక చేలు తగ్గిపోయాయి. వాటిని దంచే రోళ్లు, దంచడం తెలిసిన చేతులు పోయాయి. ఇప్పుడవే గింజలు పట్నంలో సంచులకెక్కి బియ్యం కంటే ఎక్కువ ధరకు అమ్ముడవుతుంటే, వాటిని కాపాడుకొచ్చిన మెట్ట రైతు కూలీ ఇంట్లో పాలిష్ పట్టిన తెల్ల బియ్యమే ఉంది. మెట్ట శాకాహారానికి బలం ఇచ్చింది పప్పు, చిరుధాన్యం, ఆకు మూడూ కలిసి. అందులోంచి చిరుధాన్యం పోయి, పప్పు ధర పెరిగి పలచబడి, ఆకు బదులు బంగాళాదుంప వస్తే, శాకాహారం అనే పేరు మిగిలింది కానీ తిండి మారిపోయింది.

తద్దినం వంటలో దాగిన పాత తిండి

నియమం తప్పని బ్రాహ్మణ, వైశ్య ఇళ్ల వంటలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది తద్దినం వంట. ఆరోజు ఎండుమిరపకాయ వాడరు, మిరియం వాడతారు. టమాటా, బంగాళాదుంప, క్యాబేజీ, కాలీఫ్లవర్, క్యారెట్ రావు. ఎర్రగడ్డ, తెల్లగడ్డ సరేసరి. అరటికాయ, కంద, చేమ, కాకర, అల్లం పచ్చడి, కరివేపాకు పచ్చడి, మినప గారెలు, నువ్వుల ఉండలు, పరమాన్నం. మిరప, టమాటా, బంగాళాదుంప, వేరుశనగ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు వంటి వర్తకుల ద్వారా 16వ శతాబ్దం నుంచి మన దగ్గరికి వచ్చినవి. పితృకార్యం కొత్తదాన్ని త్వరగా ఒప్పుకోదు కాబట్టి వాటిని బయటే నిలబెట్టింది. తిక్కన కాలంలో ఈ ప్రాంతపు శాకాహారం ఎలా ఉండి ఉంటుందో ఊహించాలంటే ఈ ఒక్క విస్తరి చాలా వరకు దారి చూపిస్తుంది. నెల్లూరు కారం దోశె, వేరుశనగ పచ్చడి, టమాటా పప్పు, వీటన్నిటి వయసు అయిదు వందల ఏళ్ల లోపే.

ఎర్రగడ్డ, తెల్లగడ్డ వాడని వంటలో ఆ లోటు తీర్చేది ఇంగువ. మనకు అది అఫ్గానిస్తాన్, ఇరాన్ వైపు నుంచి వస్తుంది. కొట్లో దొరికే డబ్బాల్లో ఎక్కువభాగం పిండి, బంక కలిపిన ఇంగువ. కాబట్టి గోధుమ పడనివాళ్లు డబ్బా మీద చూసి కొనుక్కోవడం మంచిది.

ఎవరితో కూర్చుని తింటారు

1921 ఏప్రిల్‌లో గాంధీజీ నెల్లూరు దగ్గర పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. ఆయన శాకాహారం వెనక ఒక కథ ఉంది. చిన్నప్పుడు స్నేహితుడి మాట విని రహస్యంగా మాంసం తిన్నారు. లండన్‌లో ఉన్నప్పుడు తల్లికి ఇచ్చిన మాట కోసం మాంసం ముట్టలేదు. అక్కడ శాకాహారం మీద హెన్రీ సాల్ట్ రాసిన పుస్తకం చదివాకే తన ఇష్టంతో శాకాహారి అయ్యానని ఆయనే రాసుకున్నారు, తర్వాత అక్కడి శాకాహార సంఘం కార్యవర్గంలో చేరారు. పుట్టుకతో వచ్చిన నియమం, మొక్కుతో వచ్చిన నియమం, ఆలోచించి ఎంచుకున్న నియమం, ఈ మూడూ ఒకే మనిషి జీవితంలో ఉన్నాయి. మన దగ్గర ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడడం వల్లే సగం తగాదాలు వస్తాయి.

గాంధీ దారిలో నడిచిన పొట్టి శ్రీరాములు కుటుంబానిది ప్రకాశం జిల్లా పడమటిపల్లె. ఆయన 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని నిరాహార దీక్ష చేశారు. శాకాహార సంప్రదాయం గల వైశ్య కుటుంబంలో పుట్టినవాడు, తన తిండి మానుకుని అడిగింది అంటరానితనం పోవాలని. ఆ కాలంలో మద్రాసు రాష్ట్రంలో శాకాహార హోటళ్లలో సైతం బ్రాహ్మణులకు వేరు గదులుండేవి. వడ్డించేది పప్పూ చారే అయినా పక్కన కూర్చునే మనిషిని బట్టి అది శుచో కాదో తేల్చేవారు.

ఆ గదులు పోయాయి. ఆ ఆలోచన మాత్రం అద్దె ఇళ్లలోకి మారింది. ఒంగోలులోనైనా నెల్లూరులోనైనా శాకాహారులకే ఇల్లిస్తాం అనే మాట ఎంత తరచుగా వింటామో ఆ ఊళ్లలో ఇల్లు వెతుక్కున్న ఎవరినడిగినా చెబుతారు. వంట వాసన పడక అడిగేవాళ్లు కొందరు ఉంటారు, కాదనను. కానీ ఆ మాట వెంటనే మీరేమిట్లు అంటూ కులం ఆరా తీసే ప్రశ్న వచ్చిందంటే అది తిండి గురించి కాదు. జీవాల మీద దయతో మాంసం మానినవాళ్లంటే నాకు గౌరవం. ఆ దయను సాటి మనిషిని గడపలోనే ఆపడానికి వాడితే శాకాహారానికే మచ్చ.

పాలు, గుడ్డు, లెక్కలు

మన శాకాహారంలో పాలు ఉంటాయి, గుడ్డు ఉండదు. పాశ్చాత్య దేశాల్లో గుడ్డు తినేవాళ్లు కూడా శాకాహారులే. పాలు కూడా వద్దనేవాళ్లు వీగన్లు. ఆ మాట 1944లో ఇంగ్లండ్‌లో పుట్టింది. వాళ్లు వేసే ప్రశ్న మన జిల్లాకు సూటిగా తగులుతుంది. ఒంగోలు జాతి పశువులు ఇక్కడ దుక్కికీ బండికీ పాలకీ. అవే బ్రెజిల్ వెళ్లి, నెల్లూరు పేరు మీదనే నెలోర్ అని పిలిపించుకుంటూ, ఆ దేశపు గొడ్డుమాంస పరిశ్రమకు ఆధారమైన జాతి అయ్యాయి. ఇక్కడ కూడా పాలు మానిన గేదె, దుక్కికి పనికిరాని ఎద్దు ఎక్కడికి పోతాయో పాడి రైతుకు తెలుసు. పెరుగన్నం తినేటప్పుడు ఆ గొలుసులో మనమూ ఉన్నాం. ధర్మవ్యాధుడు నాగలి గురించి చెప్పింది పాలకుండకూ వర్తిస్తుంది.

పోషకాల విషయంలో మాత్రం సెంటిమెంటు పక్కనపెట్టి లెక్క చూడాలి. పెద్దవాళ్లకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలని భారత వైద్య పరిశోధన మండలి సూచిస్తోంది. 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. పచ్చి కందిపప్పు 100 గ్రాముల్లో 22 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది. కానీ పలుచటి పప్పుచారుగా ఒక మనిషి వంతుకు వచ్చే పప్పు 20 గ్రాములు దాటదు. అంటే నాలుగు గ్రాములు. పప్పు తిన్నామనుకుంటాం, తిన్నది చారు. ప్రోటీన్‌లోని భాగాల్లో బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువగా ఉండే మెథియోనిన్ బియ్యంలో ఉంటుంది. రెండూ కలిస్తే మంచి ప్రోటీన్ అవుతుంది. కానీ పప్పు గరిటె జారుగా కాకుండా ముద్దగా పడాలి. పెసల పులగం, ఉలవ గుగ్గిళ్లు, అలసంద వడ, వేరుశనగ పచ్చడి, ఇవన్నీ ఆ లోటు పూడ్చేవే. బడి భోజనంలో వారానికి ఐదు గుడ్లు ఇస్తున్నారు. పిల్లలు గుడ్డు తినని ఇళ్లవాళ్లు ఆ ఐదు రోజులూ పాలు, పెరుగు, పప్పు ఆ మేరకు పెంచుతున్నారో లేదో చూసుకోవాలి.

ఆకుకూరల్లో ఇనుము ఉంటుంది కానీ మాంసంలోని ఇనుమంత సులువుగా ఒంటికి పట్టదు. నిమ్మరసం, ఉసిరి, జామకాయ లాంటివి తోడైతే బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తగ్గుతుంది. చింతపండు సంగతి మన జిల్లాకు ప్రత్యేకం. కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిన మనుషుల్ని మనం చూస్తూనే ఉన్నాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు పిల్లలకు చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. పాలు, రాగి ద్వారా వచ్చే కాల్షియం కూడా ఫ్లోరైడ్ హానిని కొంత తగ్గిస్తుంది. దీన్ని చెప్పి మంచినీళ్ల పథకం ఆలస్యం చేయడానికి ఎవరికీ హక్కు లేదు. శుద్ధి చేసిన నీళ్లకు ఇది బదులు కాదు.

చివరిగా బి12 విటమిన్. మొక్కల నుంచి వచ్చే తిండిలో అది నమ్మదగినంతగా లేదు. మాంసం, చేప, గుడ్డు, పాలల్లోనే ఉంటుంది. తరచుగా చేపలు తినేవాళ్లకు, రోజూ పెరుగు, పాలు సరిపడా తీసుకునేవాళ్లకు మామూలుగా ఇబ్బంది ఉండదు. ఇబ్బంది పాలు కొనలేని ఇళ్లలో, పళ్లు పోయి నీచు మానేసిన పెద్దవాళ్లలో, పాలు కూడా వదిలేసిన యువకుల్లో, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లలో వస్తుంది. కాళ్లు తిమ్మిర్లు, నడకలో తూలుడు, మతిమరుపు, వదలని నీరసం కనిపిస్తే వయసు మీద నెట్టెయ్యకుండా డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించాలి. మాత్రతోనో ఇంజెక్షన్‌తోనో సరిచేయగలిగిన లోపం అది. ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు.